పసుపు పెట్టిన ఓటు పుస్తకం

మీరు ముద్ర వేసి పెట్టెలో వేసిన ఓటు కాగితం అంతకుముందు ఎవరెవరి చేతుల్లో ఉందో ఎప్పుడైనా అడిగారా? అడగలేదు. నాకు తెలుసు. అడిగి ఉంటే, పంచాయతీ ఎన్నికలైన మర్నాడు టీ బడ్డీ దగ్గర నిలబడి "అంతా ముందే అయిపోయిందిలే" అని పెదవి విరిచేవారు కాదు. అనుమానించడం తేలిక. అడగడం కష్టం. అడిగి, అక్కడే కూర్చుని, చివరిదాకా చూడటం ఇంకా కష్టం. ఈ మూడింటికీ ఉన్న తేడా నాకు అరవయ్యో ఏటికి చేరువలో, షార్జాలో ఒక అచ్చు యంత్రం పక్కన తెలిసింది. అప్పటికి నేను ముప్పై ఏళ్ళుగా హేతువాదిని. జాతకాలు చెప్పేవాళ్ళతో వేదికలెక్కి వాదించాను. చేతబడి ఉందన్నవాణ్ణి నా మీద చేసి చూపించమని సవాలు చేశాను. అన్నీ చేసినా ఈ చిన్న తేడా తెలియలేదు. ఎందుకు తెలియలేదో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

నా వృత్తి అచ్చు. తెనాలిలో సీసపు అక్షరాలు పేర్చడంతో మొదలుపెట్టాను. మనవాళ్ళు టోకున దుబాయ్ అని పిలిచే దేశంలో, షార్జా పారిశ్రామికవాడలోని ఒక ప్రెస్సులో ఫ్లోర్ ఇన్‌చార్జిగా ముగించాను. మామూలు రోజుల్లో మేం ఖర్జూరం పెట్టెల లేబుళ్ళు, హోటళ్ళ మెనూలు, బనియాస్ నుంచి కల్బా దాకా ఉన్న తెలుగువాళ్ళ శుభలేఖలు వేసేవాళ్ళం. కరోనా మాస్కులు ముక్కు మీద నుంచి గడ్డం కిందికి జారుతున్న ఆ ఏడాది మాత్రం మాకు ఒక దేశం వచ్చింది. అవును, ఆర్డరు కాదు, ఒక దేశమే వచ్చింది.

దాని పేరు చెప్పను. ఏళ్ళ తరబడి తమలో తాము కాల్చుకుని, అలిసిపోయి, తుపాకులు దింపిన దేశం. రెండు పెద్ద జాతులు, ఒక చిన్న జాతి, మూడు భాషలు. బడి గోడ మీద బోర్డు ఏ భాషలో ఉండాలన్న దగ్గర గొడవ మొదలై ఊళ్ళు తగలబడేదాకా వెళ్ళిందట. శాంతి ఒప్పందం తరవాత అక్కడ స్వేచ్ఛగా ఎన్నికలు జరిపించడానికి యూరప్ నుంచి ఒక సంస్థ సాయానికి వచ్చింది. ఓటర్ల జాబితా రాయించడం, సిబ్బందికి శిక్షణ ఇవ్వడం, ఓటు కాగితాలు అచ్చు వేయించడం దాని పని. ఆ దేశంలో ఏ ప్రెస్సులో వేసినా అవతలి జాతి నమ్మదు. అందుకని మూడో దేశంలో, ఆ జాతులతో బాదరాయణ సంబంధం కూడా లేని మనుషుల చేత వేయించాలనుకున్నారు. ఆ మనుషులం మేం. గోదావరి జిల్లాలవాళ్ళం, నెల్లూరువాళ్ళం, హైదరాబాదువాళ్ళం. మాలో సగానికి పైగా సొంత ఊళ్ళో ఓటు వేసి పదేళ్ళు దాటింది. అలాంటి మేం ఒక దేశం మొత్తానికి ఓట్లు వేయబోతున్నాం!

నా ఉత్సాహం చూడాలి మీరు. వారం రోజుల ముందే ఫ్లోర్ మీద అందర్నీ నిలబెట్టి ఉపన్యాసం ఇచ్చాను. "ఇది కాగితం కాదు. ఇది తుపాకీకి బదులు వస్తున్న వస్తువు" అన్నాను. మా యంత్రం నడిపే నెల్లూరు భాయ్ ఆవలించి, "నా, తుపాకీ అయినా తువ్వాలైనా రోలర్లు కడగాలి గదా. యల్లా, పనిలోకి పోదాం పా" అన్నాడు. అన్నా అనడానికి బదులు నన్ను 'నా' అనేది అతనొక్కడే. మిగిలినవాళ్ళందరికీ నేను మాస్టారిని. మర్యాద కాదు, ఎత్తిపొడుపు. పాఠాలు చెబుతానని.

నియమాలు కఠినం. ఒక్కో పుస్తకంలో వంద ఓటు కాగితాలు, ప్రతిదానికీ వరస సంఖ్య. యంత్రం ఎన్నిసార్లు తిరిగిందో చూపించే మీటరు ఒకటి ఉంటుంది, దాన్ని వెనక్కి తిప్పడం కుదరదు. పొద్దున్నా సాయంత్రం ఆ మీటరు చదివి రిజిస్టరులో రాయాలి. రంగు సరిగ్గా పడేదాకా పాడైన కాగితాలు కూడా లెక్కే. వాటిని అందరి ఎదుటా ముక్కలు చెయ్యాలి. రెండు పెద్ద జాతుల నుంచి వచ్చిన ఇద్దరు పరిశీలకులు గదిలో లేకపోతే యంత్రం కదలకూడదు.

ఆ ఇద్దరిలో ఒకాయన ముసలి బడిపంతులు, కొండప్రాంతపు జాతి. రెండో ఆమె మైదానపు జాతికి చెందిన యువ లాయరు. ఎదురెదురు కుర్చీల్లో కూర్చుని ఒకరినొకరు చూసుకోకుండా ఉండటంలో ఇద్దరూ సిద్ధహస్తులు. ఆయనకు నీళ్ళ సీసా కావాలన్నా, అది ఆమె పక్కనే ఉన్నా, యూరప్ సంస్థ సలహాదారుతో చెప్పేవాడు. సలహాదారు చిన్నగా జుట్టు కత్తిరించుకున్న యాభై ఏళ్ళ ఆవిడ. రెండు జాతుల భాషలూ ఆమెకు వచ్చు. లేచి వెళ్ళి సీసా తెచ్చి ఇచ్చేది. అలా యూరప్ సాయం మా ప్రెస్సులో మొదట నీళ్ళ సీసాతో మొదలైంది.

ఇక అసలు మనిషి గురించి చెప్పాలి. మా బైండింగ్ విభాగం పెద్ద ఒక కోనసీమ మనిషి. కల్బాలో ఒక అరబ్బుల ఇంట్లో పదకొండేళ్ళు వంటా, పిల్లల పనీ చేసి, ఆ పిల్లలు పెద్దవాళ్ళయ్యాక మా ప్రెస్సుకి వచ్చింది. వేళ్ళతో కాగితం దొంతర దువ్వితే ఎన్ని ఉన్నాయో చెప్పేస్తుంది. ఆమె దగ్గర పాత మందు డబ్బా ఒకటి, అందులో పసుపు. ప్రెస్సులో ఏ కొత్త పని మొదలైనా, మొదటి ప్రతి నాలుగు మూలలా పసుపు పెట్టేది. శుభలేఖలకి మనం పెట్టినట్టే. ఖర్జూరం లేబులైనా సరే, హోటల్ మెనూ అయినా సరే. నెల్లూరు భాయ్ నమాజు మానడు, ఆమె ఆదివారం చర్చి మానదు, అయినా అతను "పసుపు అయిందా అక్కా?" అని అడిగి, "అయింది తమ్ముడూ" అంటే గానీ వేగం పెంచేవాడు కాదు. ఇది ఏ మతమో మీరే తేల్చండి. నేను ఆరేళ్ళు వాదించి తేల్చలేకపోయాను.

"సిరాకీ పసుపుకీ ఏం సంబంధమమ్మా?" అనేవాణ్ణి.

"తవరు సిరా ఆరలేదని ఉఫ్ ఉఫ్‌మని ఊదుతారు గదండీ. ఏం సంబంధమని నేనడిగానా?"

"ఊదితే గాలి తగిలి ఆరుతుంది. అది సైన్సు."

"పసుపెడితే నా మనసు ఆరుద్దండి. అదీ సైన్సేనండి."

అచ్చు మొదలైన రోజు ఈ డబ్బా సంగతి నాకు గుర్తు రాలేదు. అదీ నా మొదటి తప్పు. మొదటి వంద కాగితాలు సరిగ్గా దిగాయి. పాడైనవి లాయరమ్మ స్వయంగా లెక్కపెట్టి రాసుకుంది. మధ్యాహ్నం భోజనానికి యంత్రం ఆపాం. పరిశీలకులిద్దరూ సలహాదారుతో కలిసి పై అంతస్తుకి వెళ్ళారు. నేను బైండింగ్ బల్ల దగ్గరికి వచ్చేసరికి, కుట్టు వేసి సిద్ధంగా ఉంది మొట్టమొదటి ఓటు పుస్తకం. ఒకటి నుంచి వంద. నాలుగు మూలలా పచ్చగా మెరిసిపోతోంది.

నా ఒళ్ళు మండిపోయింది. "ఏం చేశావమ్మా నువ్వు!"

"ఏటైందండీ?"

"ఇవి పెళ్ళి కార్డులు కావు! ఓటు కాగితం మీద చిన్న మచ్చ ఉన్నా అది గుర్తు పెట్టిన కాగితమే. వాళ్ళు చూస్తే ఏమనుకుంటారు? మన మూఢనమ్మకాన్ని చూసి నవ్విపోరూ?"

ఆ చివరి వాక్యం గమనించండి. మచ్చ గురించి నా భయం న్యాయమైనదే. కానీ నన్ను అసలు కుదిపింది ఆ రెండోది. యూరప్ ఆవిడ ముందు, ఆధునికులమని చెప్పుకున్న మా ఫ్లోర్ మీద, పసుపు! నా ముప్పై ఏళ్ళ ఉపన్యాసాలు నవ్వుల పాలవుతాయనే భయం అది. న్యాయంగా ఆలోచించేవాడైతే ఏం చేస్తాడు? పుస్తకం పట్టుకుని పై అంతస్తుకి వెళ్ళి, "పొరపాటు జరిగింది, చూడండి" అంటాడు. నేనేం చేశాను? పుస్తకం ఆమె చేతిలో పెట్టి, "దీన్ని కటింగ్ మిషన్లో వేసి ముక్కలు చెయ్. ఇప్పుడే" అన్నాను. భాయ్ వైపు తిరిగి, "వరస సంఖ్య వేసే చక్రం ఒకటికి తిప్పు. ఆ వందా మళ్ళీ వేద్దాం" అన్నాను.

భాయ్ చేతులు తుడుచుకుంటున్నవాడు ఆగిపోయాడు. "ఏందినా ఇది? వాళ్ళు రానీ. రూలు చెప్పింది నువ్వే గదా."

"అయిదు నిమిషాల పని. మీటరులో వంద ఎక్కువైతే రంగు సరిచూడటంలో పోయాయనుకుంటారు. తిప్పవయ్యా."

"నువ్వు చెప్పావని తిప్పతుండా. గుర్తు పెట్టుకో" అని తిప్పాడు.

సాయంత్రం మీటరు చదివారు. వంద ఎక్కువ.

లాయరమ్మ తన నోట్‌బుక్కు తెరిచింది. పాడైన కాగితాలు ఆమె ఒక్కొక్కటీ లెక్కపెట్టింది కదా, ఆ లెక్కలో ఎక్కడా ఈ వందకు చోటు లేదు. మళ్ళీ కూడింది. మళ్ళీ వంద. పంతులుగారు కళ్ళద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నాడు. అప్పుడు ఇద్దరూ సలహాదారుతో చెరో భాషలో ఒకేసారి మాట్లాడటం మొదలుపెట్టారు. మాటలు నాకు అర్థం కాలేదు, కానీ భయానికి అనువాదం అక్కర్లేదు. ఎక్కడో వంద దొంగ ఓట్లు ఉన్నాయి, అవి అవతలి వాళ్ళ సంచిలో ఉన్నాయి! ఇద్దరి మాటా అదే.

సలహాదారు నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పింది: "రేపు మధ్యాహ్నంలోగా ఈ వంద ఎక్కడున్నాయో తేలాలి. తేలకపోతే అచ్చు మొత్తం రద్దు. ఇంకో దేశంలో మళ్ళీ మొదటి నుంచి వేయించాలి. ఎన్నిక వాయిదా పడుతుంది. కిందటిసారి వాయిదా పడినప్పుడు అక్కడ ఏం జరిగిందో మీకు చెప్పాను." చెప్పింది, నిజమే. తుపాకులు మళ్ళీ లేచాయి.

మర్నాడు పొద్దున్నే మా ముదీర్, అంటే మేనేజరు, నన్ను తన గదిలోకి పిలిచాడు. హైదరాబాదు మనిషి, మంచివాడే, తొందర మనిషి. కుట్టిన పుస్తకాల బాధ్యత ఎవరిదో రాసే చోట రిజిస్టరులో బైండింగ్ ఆమె పేరే ఉంది. వేలు దాని మీద పెట్టాడు.

"దేఖో మాస్టర్, గిదంత లొల్లి వద్దు. ఇంకో వంద కాగితాలు ఖరాబైనయ్, రాసుడు మర్చిపోయినమని రాయ్. దస్తఖత్ పెట్టు. ఖలాస్."

"లాయరమ్మ నమ్మదు."

"నమ్మకుంటే గీ అమ్మను పంపిద్దాం. ఆమె గలతీ అని చెప్తం. వీసా క్యాన్సిల్, ఇంటికి పోతది. వాళ్ళకు ఒక ముఖం దొరికిందంటే ఊకుంటరు."

వేదిక మీద గంటసేపు ఆగకుండా వాదించే మనిషిని నేను. 'ఆలోచిస్తాను' అని బయటికి వచ్చేశాను. దీన్ని దాచను: నేను నిజంగానే ఆలోచించాను. ఒక్క సంతకం. ఎన్నిక ఆగదు, ప్రెస్సు ఆగదు, నా పరువు ఆగదు. చేతిలో పెన్ను కూడా ఉంది.

టీ బల్ల దగ్గర ఆమె ఎదురైంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది.

"మాస్టారండీ, ఒక మాట. కోప్పడకండి."

"చెప్పు."

"అది నేను ముక్కలు చెయ్యలేదండి."

టీ కప్పు బల్ల మీద పెట్టేశాను. "ఏది?"

"ఆ పుస్తకవండి. నా లాకర్లో ఉంది. పాత చీరముక్కలో చుట్టి పెట్టాను. పసుపెట్టింది చింపకూడదు గదండీ." కొంగు సవరించుకుంది. "అదొక్కటే కాదండి. అయ్యి ఓట్లు. ఒక్కోటీ ఒక్కో మనిషిది. మొన్న సెలవుకి ఊరెళితే నా పేరు లిస్టులో లేదన్నారు. వలసెళ్ళిపోయావు, తీసేశాం అన్నారు. నన్నడక్కుండానే చింపేసినట్టుందండి. మరి వందమందియ్యి నా చేత్తో ఎలా చింపుతానండీ?"

చదువరీ, ఆ క్షణంలో నాకు కలిగింది సంతోషమో భయమో ఇప్పటికీ చెప్పలేను. రుజువు ఉంది! నేను చింపమన్న రుజువు, ఆమె చింపని రుజువు, చెక్కుచెదరకుండా ఉంది! కానీ అది ఉన్నది ఒక కార్మికురాలి లాకర్లో. దాచిన ఓటు పుస్తకం ఆమె దగ్గర దొరికిందంటే, ఈ దేశంలో ఆమెకి ఉద్యోగం ఒక్కటే కాదు పోయేది. ఆ సంగతి ఆమెకు నాకంటే బాగా తెలుసు. తెలిసీ చెప్పింది. "తవరు ముక్కలు చేయమన్నారని నేను ఎవరికీ చెప్పనండి" అని కూడా అంది.

"నువ్వు చెప్పొద్దు. నేనే చెబుతాను" అన్నాను.

సుఖాంతంలోకి దూకే ముందు ఒక మాట నిలబడి చెప్పుకోవాలి. నేను జీవితమంతా ఒక్కటే బోధించాను: రుజువు లేనిదే నమ్మకు. ఆ ముందురోజు మధ్యాహ్నం నేను చేసింది ఏమిటి? రుజువును నాశనం చేయమని ఆజ్ఞ ఇచ్చి, నా మాట మీద నమ్మకం ఉంచమని రెండు జాతులను అడగబోయాను. నేను నిజాయితీపరుణ్ణి కాబట్టి నా దొంగచాటు పని దొంగచాటు కాదనుకున్నాను. బాబాలు చెప్పేది సరిగ్గా ఇదే కదా! ఆ ప్రెస్సులో అతి పెద్ద మూఢనమ్మకం మందు డబ్బాలో లేదు. నా మీద నాకున్న నమ్మకంలో ఉంది.

లాకరు దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. భాయ్‌ని నేనే రమ్మన్నాను. చీరముక్కతో సహా పుస్తకాన్ని రెండు చేతులా పట్టుకుని, అందరూ చూసేటట్టు, ఫ్లోర్ మధ్యలో నుంచి నడిచి పరిశీలకుల గదిలోకి వెళ్ళాం. ముదీర్ వెనకాల "మాస్టర్! రుకో!" అంటూనే ఉన్నాడు.

బల్ల మీద పెట్టి చెప్పాను. మొదటి పుస్తకం ఇదీ. దీని మీద మా ఆచారం ప్రకారం పసుపు పెట్టారు. చింపేయమన్నది నేను. మీరు లేనప్పుడు యంత్రం తిప్పించింది నేను. అదే నంబర్లతో ఇంకో వంద వేయించింది నేను. చింపకుండా కాపాడింది ఈమె. తప్పుడు మాట రాయడానికి పెన్ను తీసింది కూడా నేనే, రాయలేదు అంతే.

లాయరమ్మ పుస్తకం తనవైపు తిప్పుకుని, నాకు అర్థమయ్యేలా ఇంగ్లీషులోకి మారింది. "ఇందులో వందా ఉన్నాయని ఎలా నమ్మాలి?" అంది.

ఆ ప్రశ్న వినగానే లేచి ఆమెకు నమస్కారం పెట్టాలనిపించింది. అలా అడగాలి!

"నమ్మకండి. లెక్కపెట్టండి" అన్నాను.

అక్కడ వచ్చింది చిక్కు. పంతులుగారు పుస్తకం దగ్గరికి లాక్కుని తన భాషలో మొదలుపెట్టాడు. లాయరమ్మ చెయ్యి అడ్డం పెట్టి, తన భాషలో లెక్కపెట్టాలంది. బడి బోర్డు దగ్గర మొదలైన యుద్ధం మా బల్ల మీదికి వచ్చింది. సలహాదారు "ఇంగ్లీషులో లెక్కిద్దాం" అంది. ఇద్దరూ ఒకేసారి ఆమె మీద విరుచుకుపడ్డారు. తరవాత ఆమే నాకు అర్థం చెప్పింది: "మా ఓట్లు, నీ భాషలో ఎందుకు?" అన్నారట. వాళ్ళిద్దరూ మొదటిసారి ఏకాభిప్రాయానికి వచ్చిన విషయం అదేనట.

పంతులుగారు గది చుట్టూ చూసి, తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డ మా కోనసీమ మనిషి వైపు వేలు చూపించాడు. లాయరమ్మ ఆలోచించి తల ఊపింది. ఆమె లెక్కపెట్టాలి. ఆమె భాషలో. ఎవరిదీ కాని భాషలో. ప్రతి కాగితం ఇద్దరూ చూస్తారు, ప్రతి నంబరూ ఇద్దరూ చదువుతారు.

"నేనాండీ? నాకు ఇంగ్లీషు రాదండి."

"తెలుగులోనే లెక్కపెట్టమ్మా. గట్టిగా."

ఆమె కొంగుతో చేతులు తుడుచుకుని కూర్చుంది. మొదటి కాగితం తిప్పింది. గొంతు సవరించుకుని అంది:

"లాభం."

"ఒకటి అనవమ్మా, ఒకటి!" అని అరిచాను.

"అలవాటండి! కొలిచేటప్పుడు ఒకటి అనం గదండీ!"

లాయరమ్మ చటుక్కున తలెత్తింది. "ఏమంది ఆమె? మీరెందుకు ఆపారు?" అని నిలదీసింది. చెప్పక తప్పలేదు. మా వైపు ధాన్యం కొలిచేటప్పుడు మొదటి కుంచానికి ఒకటి అనరు, లాభం అంటారు. శుభానికి.

"ఎవరికి లాభం?" అంది లాయరమ్మ. ఆమె ముఖంలో నవ్వు లేదు.

భాయ్ వెనక నుంచి, "మాకైతే కాదు తల్లీ" అని గొణిగాడు తెలుగులో.

పంతులుగారు నవ్వాడు. ముందు గడ్డం కదిలింది, తరవాత భుజాలు కదిలాయి. నవ్వుతూనే లాయరమ్మ వైపు తిరిగి ఏదో అన్నాడు. సలహాదారుకు చెప్పలేదు. నేరుగా ఆమెతోనే. లాయరమ్మ కొయ్యబారిపోయింది. ఎందుకంటే ఆయన మాట్లాడింది ఆమె భాష.

తమ కొండల్లో కూడా మొదటి కొలతకి అంకె చెప్పరనీ, 'దేవుడిది' అంటారనీ అన్నాడట.

"మీకు మా భాష వచ్చా?" అందట ఆమె.

"యుద్ధానికి ముందు ఇరవై ఏళ్ళు మీ ఊళ్ళలోనే పాఠాలు చెప్పాను."

ఇక్కడ ఇద్దరూ కన్నీళ్ళు పెట్టుకుని చేతులు కలిపారని రాస్తే మీకు బాగుంటుంది. కానీ అలా జరగలేదు. లాయరమ్మ తన నోట్‌బుక్కులో కొత్త పేజీ తిప్పి, "మళ్ళీ మొదలుపెట్టమనండి. ఒకటి నుంచి" అంది.

అబ్బ, ఎంత గొప్ప మాట! ప్రజాస్వామ్యం ఆలింగనాల మీద నడవదు. నువ్వు నాకు నచ్చకపోయినా, నీ మీద నమ్మకం లేకపోయినా, ఇద్దరం ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒకటి నుంచి మళ్ళీ లెక్కపెడదామనడమే ప్రజాస్వామ్యం.

"ఒకటి" అంది మా కోనసీమ మనిషి. "రెండు. మూడు." పదికి వచ్చేసరికి గొంతు పెంచింది. ముప్పై దాటాక ఫ్లోర్ మీది వాళ్ళంతా తలుపు దగ్గర పోగయ్యారు. యాభై దగ్గర పంతులుగారు పెదవులు ఆమెతోపాటు కదపడం మొదలుపెట్టాడు. తొంభై తొమ్మిది అన్నాక ఆమె ఆగి, కాగితం అంచు వేలితో తడిమి, రెండు అతుక్కోలేదని చూసుకుని, "వందండి!" అంది. మా వాళ్ళలో ఎవరో ఈల వేశారు. ఈల వేసింది భాయ్ అని తరవాత తెలిసింది.

ఆ వందా సరిపోయాయి. నేను దొంగతనంగా వేయించిన వందా సరిపోయాయి. రెండు పుస్తకాలనీ అందరి ఎదుటా కటింగ్ మిషన్లో వేశారు. ఈసారి ఆజ్ఞ ఇచ్చింది నేను కాదు, మీట నొక్కింది పరిశీలకులిద్దరూ కలిసి. ఆ వంద నంబర్లు రద్దయినట్టు రాశారు. లాయరమ్మ అంతటితో వదల్లేదు. అప్పటిదాకా కుట్టిన ప్రతి పుస్తకం విప్పించి లెక్కపెట్టించింది. సాయంత్రందాకా మా ప్రెస్సులో తెలుగు అంకెలు మారుమోగాయి. అచ్చు రద్దు కాలేదు. ఎన్నిక వాయిదా పడలేదు.

నన్ను ఆ పని నుంచి తప్పించారు. తప్పించాలి కూడా. సలహాదారు తన నివేదికలో నా పని అంతా రాస్తానంది, రాయమన్నాను. రిజిస్టరు మీద సంతకం పెట్టే అధికారం బైండింగ్ ఆమెకు ఇచ్చారు. ముదీర్ వారం రోజులు నాతో మాట్లాడలేదు. ఎనిమిదో రోజు "నీ సచ్చాయితోని నా బీపీ పెరిగింది మాస్టర్" అని టీ పంపించాడు.

ఆ లెక్కపెట్టిన మర్నాటి పొద్దున సంగతి మరొకటి ఉంది. యంత్రం మొదలుపెట్టే ముందు పంతులుగారు మా ఆమెను చూసి, నాలుగు వేళ్ళతో గాలిలో నాలుగు మూలలు అద్ది చూపించాడు. పసుపు పెట్టవా అని. కాగితం మీద మచ్చ పడకూడదని లాయరమ్మ గుర్తు చేసింది. కాసేపు చర్చ నడిచింది. చివరికి యంత్రం కాలికి పెట్టుకోవచ్చని తీర్మానించారు. పని నుంచి తప్పించినా, తలుపు దగ్గర నిలబడి నేను అభ్యంతరం చెప్పాను. అవును, అప్పుడు కూడా! యంత్రం కాలికి పసుపు పెడితే అచ్చు బాగా వస్తుందనడానికి ఆధారం లేదన్నాను. లాయరమ్మ గంభీరంగా నా అభ్యంతరాన్ని రిజిస్టరులో రాయించింది. ఇద్దరు పరిశీలకులూ దాని కింద సంతకం పెట్టారు. నా వ్యాసాలు ఎన్నో పత్రికల్లో వచ్చాయి గానీ, రెండు జాతులు కలిసి సంతకం పెట్టిన రచన అదొక్కటే.

ఇప్పటికీ కొందరు మిత్రులు ఈ కథ విని, "చూశావా, పసుపే కాపాడింది" అంటారు. కాదు. పసుపు ఎవర్నీ కాపాడలేదు. ఆమె కాపాడింది. తన ఓటు తనను అడక్కుండా ఎవరో తీసేసిన ఒక మనిషి, ఇంకో వందమంది ఓట్లు తన చేత్తో చింపనంది. దాన్ని పసుపు ఖాతాలో వేస్తే ఆమెను రెండోసారి జాబితాలో నుంచి తీసేసినట్టే.

ఎన్నిక రోజున భాయ్ ఫోన్లో మేమంతా చూశాం. కొండ దారిలో ఆడవాళ్ళ వరస. ఒకావిడ చేతిలో పొడుగాటి కాగితం. "అదుగో, మనదే! మనం వేసిందే!" అని అందరం ఒకేసారి అరిచాం. ఆ దేశం ఆ ఒక్క రోజుతో బాగుపడిపోయిందని చెప్పను. తరవాత అక్కడ అసెంబ్లీలో కుర్చీలు విసురుకున్నారని విన్నాను. కుర్చీలే కదా, నయం. బైండింగ్ ఆమె మాత్రం తెర వైపు చూస్తూ, "ఇన్ని ఓట్లు కుట్టాం. మనకి ఒక్కటీ లేకపోయె గదండీ" అంది. నవ్వుతూనే అంది. నేను నవ్వలేకపోయాను. తరవాతి సెలవుకి ఆమె పంచాయతీ ఆఫీసుకు రెండుసార్లు వెళ్ళింది, మూడోసారి మండలం ఆఫీసుకు వెళ్ళింది, తన పేరు మళ్ళీ రాయించుకునే తిరిగి విమానం ఎక్కింది.

కాబట్టి చదవడం అయిపోయింది, ఇక లేవండి. ఇవాళే ఓటర్ల జాబితా తెరిచి మీ పేరు చూడండి. తరవాత దుబాయ్‌లోనో, కువైట్‌లోనో ఉన్న మీ వీధి మనిషి పేరు కూడా చూడండి. లేకపోతే ఎందుకు తీశారో కాగితం మీద అడగండి. మీ ఊళ్ళో ఈసారి ఓట్లు లెక్కపెట్టేటప్పుడు ఏజెంటుగా వెళ్ళి ఆ బల్ల దగ్గర కూర్చోండి. చివరి కాగితందాకా లేవకండి. అనుమానం వస్తే గొణగకండి, "చూపించండి, ఒకటి నుంచి మళ్ళీ లెక్కపెట్టండి" అనండి. ఆ మాట ముందుగా మీకు గిట్టనివాళ్ళతో కాదు, మీరు ఓటేసినవాళ్ళతో అనండి.